ప్రొజెక్టర్ స్క్రీన్ మనమే చేసుకుంటే ఏ మెటీరియల్ తీసుకోవాలి? హైదరాబాద్ ఫ్లాట్లలో ఉండేవాళ్లకి

ప్రొజెక్టర్ కొన్నాక అందరూ అడిగే మొదటి ప్రశ్న "స్క్రీన్‌కి ఏ గుడ్డ వాడాలి?" అనే. గుడ్డ దాకా వెళ్లేముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి: మీ ప్రొజెక్టర్ వెలుతురు ఎంత, మీ గది ఎలాంటిది, ఇల్లు సొంతమా అద్దెదా. ఈ మూడూ తేలితే సగం ఆప్షన్లు అక్కడికక్కడే ఎగిరిపోతాయి. ఇవేవీ చూసుకోకుండా ఏదో వీడియోలో చెప్పారని గోడకి గ్రే కొట్టించి, బొమ్మ మబ్బుగా ఉందని మళ్లీ తెల్లరంగు వేయించుకున్నవాళ్లు నాకు తెలుసు. పెయింటర్ కూలీ రెండుసార్లు.

నా సలహా ముందే చెప్పేస్తాను, కారణాలు కింద ఉన్నాయి. సొంతిల్లు, మామూలు ప్రొజెక్టర్, చెమ్మ పట్టని లోపలి గోడ ఉంటే ఆ గోడకే తెల్లటి మ్యాట్ (మెరుపు లేని) పెయింట్ వేయించుకోండి, పెట్టిన డబ్బుకి అంత ఫలితం ఇంకెందులోనూ రాదు. అద్దె ఇల్లయితే రోలర్ బ్లైండ్లకి వాడే, వెలుతురుని దాటనివ్వని తెల్ల బ్లాకౌట్ గుడ్డ కొని అల్యూమినియం ఫ్రేమ్‌కి బిగించుకోండి, ఇల్లు మారినప్పుడు మీతోపాటే వస్తుంది. గోడ పక్కనే పెట్టుకునే అల్ట్రా షార్ట్ త్రో ప్రొజెక్టరైతే గుడ్డ జోలికే పోవద్దు, దానికి గట్టి బోర్డు కావాలి. ఫ్లెక్సీ టెర్రస్ మీదకి బాగుంటుంది, హాల్లోకి వద్దు. దుప్పటి ఎక్కడికీ వద్దు.

ముందు వెలుతురు లెక్క

లెక్క సులువే. ప్రొజెక్టర్ ఇచ్చే ల్యూమెన్స్‌ని, అంటే దాని వెలుతురు కొలతని, స్క్రీన్ వైశాల్యంతో, అంటే చదరపు అడుగులతో భాగించాలి. మామూలు తెల్లటి మ్యాట్ స్క్రీన్‌కి వచ్చిన అంకే ఫుట్-లాంబర్ట్ విలువ, అంటే తెర ఎంత వెలుగుగా కనిపిస్తుందో చెప్పే కొలత. డిజిటల్ సినిమా హాళ్లకి పెట్టుకున్న ప్రమాణం 14. ఇంట్లో చీకటి చేసుకుని చూసేటప్పుడు దాని చుట్టుపక్కల ఉంటే చాలు, కంటికి హాయిగా ఉంటుంది.

100 ఇంచుల 16:9 స్క్రీన్ అంటే వెడల్పు సుమారు 87 ఇంచులు, ఎత్తు 49, మొత్తం దాదాపు 30 చదరపు అడుగులు. 120 ఇంచులకి వెళ్తే అది 43 చదరపు అడుగులు అవుతుంది. మూల నుంచి మూలకి కొలత 20 శాతమే పెరిగింది కానీ వైశాల్యం 44 శాతం పెరిగింది. తెర మీదికి నిజంగా 500 ల్యూమెన్స్ వస్తుంటే 100 ఇంచుల మీద 17 దగ్గర పడుతుంది, అదే 120 మీద 12 లోపుకి వచ్చేస్తుంది. "ఎంత పెద్దదైతే అంత మజా" అనుకునేవాళ్లు ఈ ఒక్క లెక్క వేసుకుంటే చాలు.

నిజంగా వస్తుంటే అని ఎందుకన్నానంటే, డబ్బా మీద రాసినదంతా తెర మీదికి రాదు. యాన్సీ (ANSI) ల్యూమెన్స్, అంటే ఒక ప్రామాణిక పద్ధతిలో కొలిచినవి అని స్పష్టంగా ఉంటేనే ఆ అంకెని లెక్కలోకి తీసుకోండి. అది కూడా బ్రైట్ మోడ్‌లో కొలిచింది, రంగులు సరిగ్గా ఉండే సినిమా మోడ్ పెట్టి, ల్యాంప్ ఎకోలో పెడితే బాగా తగ్గుతుంది, కొన్నింటిలో సగానికి పడిపోతుంది. చిన్న ఎల్‌ఈడీ ప్రొజెక్టర్లలో 200 యాన్సీ ల్యూమెన్స్ మాత్రమే ఇచ్చేవి ఉన్నాయి, వాటితో 100 ఇంచులు వేస్తే అడుగుకి 7 కూడా రాదు, 80 ఇంచులకి తగ్గిస్తే 10 దాటుతుంది. అలాంటి ప్రొజెక్టర్ ఉన్నవాళ్లు మెటీరియల్ గురించి బుర్ర పాడుచేసుకునేకంటే సైజు తగ్గించుకుంటే ఎక్కువ తేడా కనిపిస్తుంది. మన హాల్‌లో సోఫా నుంచి గోడకి పదడుగులు ఉంటే 100 ఇంచులే కంటి ముందు దాదాపు 40 డిగ్రీలు నింపేస్తుంది, అది తక్కువేం కాదు.

ఇక గెయిన్. తెల్లటి మ్యాట్ ఉపరితలం వెలుతురుని అన్ని వైపులకీ సమానంగా వెదజల్లుతుంది, దాన్ని గెయిన్ 1.0 అంటారు. గ్రే అయితే 1 కన్నా తగ్గుతుంది, మెరుపు కలిపితే పెరుగుతుంది. పైన వచ్చిన అంకెని గెయిన్‌తో గుణించాలి, 17 వచ్చినచోట 0.8 గెయిన్ గ్రే వాడితే 13.6 అవుతుంది. మరి మెరుపు కలిపి గెయిన్ పెంచుకుంటే పోలా అంటారు కొందరు. గెయిన్ కొత్త వెలుతురుని పుట్టించదు, పక్కలకి పోయేదాన్ని మధ్యలోకి తెస్తుంది, అంతే. సోఫా మధ్యలో కూర్చున్నవాళ్లకి వెలిగిపోతుంది, దివాన్ మీద పక్కగా కూర్చున్న అమ్మానాన్నలకి మసగ్గా కనిపిస్తుంది, తెర మధ్యలో ఒక తెల్లటి మచ్చ తేలుతుంది. మన ఇళ్లలో సినిమా అంటే పదిమంది కింద చాపేసుకుని కూడా కూర్చుని చూసేది కాబట్టి 1.0 దగ్గర ఉండే మ్యాటే మంచిది.

తెలుపా, గ్రేనా

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది, గ్రే వేస్తే పగలు కూడా బొమ్మ బాగుంటుందని. కిటికీలోంచి నేరుగా తెర మీద పడే వెలుతురుని గ్రే ఎంత తగ్గిస్తుందో, ప్రొజెక్టర్ వెలుతురుని కూడా అంతే తగ్గిస్తుంది. రెండూ ఒకే లెక్కలో తగ్గితే కాంట్రాస్ట్ మారదు. నలుపు కొంచెం నల్లగా అనిపిస్తుంది, తెలుపు మాసినట్టు అనిపిస్తుంది. పగటి వెలుతురు సమస్యకి బ్లాకౌట్ కర్టెన్లే దారి. వీలైతే బాల్కనీ తలుపు ఉన్న గోడ వైపే స్క్రీన్ పెట్టుకోండి, అప్పుడు బయటి వెలుతురు తెర మీద నేరుగా పడదు.

గ్రే నిజంగా పనికొచ్చే సందర్భం వేరే ఉంది, అది మన ఫ్లాట్లకి బాగా వర్తిస్తుంది. ఇక్కడ హాళ్లు దాదాపు అన్నీ ఒకే తీరు: తెల్లటి లేదా క్రీమ్ గోడలు, తెల్లటి ఫాల్స్ సీలింగ్, కింద మెరిసే విట్రిఫైడ్ టైల్స్. రాత్రి లైట్లన్నీ ఆర్పేసినా తెర మీది వెలుతురు గోడలకి, సీలింగ్‌కి, టైల్స్‌కి తగిలి మళ్లీ తెర మీదికే వస్తుంది. చీకటి సీన్‌లో ఒక మూల దీపం వెలుగుతుంటే నల్లగా ఉండాల్సిన మిగతా భాగం బూడిద రంగుకి తిరిగేది అందుకే. ఈ తిరిగొచ్చే వెలుతురు తెరని రెండుసార్లు తాకుతుంది. వెలుతురులో 70 శాతం మాత్రమే వెనక్కి పంపే గ్రే తెర అయితే నేరుగా వచ్చే బొమ్మ 70 శాతానికి తగ్గుతుంది, గదంతా తిరిగొచ్చిన చెత్త వెలుతురు మాత్రం 70లో 70, అంటే 49 శాతానికి తగ్గుతుంది. ఇక్కడ కాంట్రాస్ట్ నిజంగానే పెరుగుతుంది.

కాకపోతే దానికి ల్యూమెన్స్ మిగులు ఉండాలి. పై లెక్కలో 20 దాటి వచ్చినవాళ్లు లేత గ్రే ఆలోచించండి, 14 లోపు ఉన్నవాళ్లు తెలుపుతోనే ఉండండి. ఇదే ఫలితం ఇంకో దారిలోనూ వస్తుంది: తెర ముందు టైల్స్ మీద ముదురు రంగు తివాచీయో వరంగల్ జంపఖానాయో పరిచేయండి, తెరకి దగ్గరగా ఉన్న పక్క గోడలకి, సీలింగ్‌కి నాలుగైదు అడుగుల మేర ముదురు మ్యాట్ రంగు వేయించండి. సినిమా హాల్లో తెర తెల్లగా ఉండి చుట్టూ గోడలు, నేల ముదురుగా ఉండేది ఊరికే కాదు. ఇంట్లోవాళ్లు గోడల రంగు మార్చడానికి ఒప్పుకోకపోతే, అప్పుడు గ్రే.

గ్రే అన్నాక తటస్థంగా ఉండాలి. షేడ్ కార్డులో గ్రే పేరుతో ఉన్న చాలా రంగుల్లో నీలమో ఆకుపచ్చో గోధుమ ఛాయో దాగి ఉంటుంది. షేడ్ కోడ్‌కి ఆర్‌జీబీ విలువలు దొరికితే మూడూ దాదాపు సమానంగా ఉన్నవే ఎంచుకోండి. కొంచెం ఛాయ ఉంటే ప్రొజెక్టర్ సెట్టింగ్స్‌లో సర్దుకోవచ్చు కానీ సర్దిన ప్రతిసారీ కాస్త వెలుతురు పోతుంది.

వెండి రంగు, మెటాలిక్ పొడి, ముత్యాల మెరుపు కలిపిన పెయింట్ రెసిపీలు నెట్‌లో బోలెడన్ని దొరుకుతాయి. నేనైతే వద్దనే అంటాను. రోలర్ గీతలన్నీ బొమ్మలో కనిపిస్తాయి, తెల్లటి సీన్లలో మిణుకుమిణుకుమంటూ చుక్కలు తేలతాయి. కంపెనీలు అమ్మే ఏఎల్ఆర్ (గది వెలుతురుని పక్కకి తిప్పికొట్టే) స్క్రీన్ల మీద ఒక్కో దిక్కు నుంచి వచ్చే వెలుతురుని ఒక్కోలా మళ్లించే సూక్ష్మమైన అమరిక ఉంటుంది, అది పెయింట్ బకెట్‌లోంచి రాదు. లైట్లు వేసుకునే చూడాలి అనుకునేవాళ్లు ఆ రెడీమేడ్ స్క్రీన్‌కే డబ్బు దాచుకోవడం మేలు.

షాపులోనే తేలిపోయే విషయాలు

ఏ మెటీరియల్ అయినా నాలుగు చూడాలి: వెలుతురు వెనక్కి జారకూడదు, మెరవకూడదు, నున్నగా ఉండాలి, రంగు తటస్థంగా ఉండాలి. మొదటిదానికి గుడ్డ వెనక ఫోన్ టార్చ్ పెట్టండి, ముందువైపు గుండ్రటి వెలుగు కనిపిస్తే అంత వెలుతురూ మీ బొమ్మలోంచి పోతున్నట్టే. రెండోదానికి టార్చ్‌ని ముందువైపు ఏటవాలుగా వేసి అవతలి పక్క నుంచి చూడండి, బల్బు ఆకారం మెరుపులా కనిపిస్తే దాన్ని వదిలేయండి.

నున్నదనానికి ఒక కొలత ఉంది. 100 ఇంచుల తెర మీద ఫుల్ హెచ్‌డీ బొమ్మలో ఒక్కో పిక్సెల్ సుమారు 1.15 మిల్లీమీటర్లు ఉంటుంది, 4కే అయితే 0.6 లోపే. గుడ్డ నేతలో గళ్లు, రెగ్జిన్ మీది గరుకు ఆ సైజుకి దగ్గరగా ఉంటే పిక్సెళ్లతో కలిసిపోయి అలలు అలలుగా గీతలు పుడతాయి. గోరుతో గీస్తే కరకరలాడేలా ఉన్న నేత 4కే ప్రొజెక్టర్‌కి పనికిరాదు.

అన్నిటికన్నా మంచి పద్ధతి, నచ్చిన వాటిల్లో అర మీటరు చొప్పున ముక్కలు కొని ఇంటికి తెచ్చి గోడ మీద పక్కపక్కనే పిన్నులతో గుచ్చి, వాటి మీద మీ ప్రొజెక్టర్‌తోనే క్రికెట్ మ్యాచ్ వేసి చూడటం. కెమెరా బంతి వెంట పచ్చటి మైదానం మీదుగానో ఆకాశం మీదుగానో జరుగుతున్నప్పుడు ముడతలు, నేత, మచ్చలు అన్నీ బయటపడతాయి. మామూలు సినిమా సీన్‌లో ఇవి కంటికి ఆనవు. ఒక ఏ4 కాగితం కూడా పక్కన గుచ్చండి, ఏ ముక్క పసుపు తిరిగిందో ఏది నీలం తిరిగిందో తెలుస్తుంది.

గోడకి పెయింట్

సొంతింటికి ఇదే నా మొదటి ఓటు. ఊగదు, ముడత పడదు, పిల్లలు తాకినా ఏమీ కాదు, పాడైతే మళ్లీ ఒక కోటు వేసుకోవచ్చు. అసలు పనంతా పెయింట్‌కి ముందు ఉంటుంది. లైట్లు ఆర్పేసి టార్చ్‌ని గోడకి ఆనించి పక్కకి వేయండి, ఎత్తుపల్లాలన్నీ నీడలతో సహా కనిపిస్తాయి. వాటిని లప్పంతో సరిచేయించి, ఆరాక ఎమరీ పేపర్ పట్టించి, మళ్లీ టార్చ్ వేసి చూసి, మళ్లీ లప్పం. 320 నంబర్ పేపర్‌తో చివరిసారి రుద్దాక ప్రైమర్, ఆ తర్వాత రెండు కోట్లు పెయింట్. పొట్టి నూగు రోలర్ వాడమనండి, పొడుగు నూగు రోలర్ నారింజ తొక్క మీద ఉన్నట్టు చుక్కలు వదులుతుంది.

పెయింటర్‌తో గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటే: "అన్నా, షైనింగ్ అస్సలు వద్దు, పూర్తి మ్యాట్ కావాలి." ఎందుకంటే కడిగితే మరకలు పోతాయని, లుక్ వస్తుందని మెరిసే ఎమల్షన్ వైపే వాళ్లు మొగ్గుతారు. మామూలు గోడకి అది సబబే, తెరకి మాత్రం పనికిరాదు. ఆసియన్ పెయింట్స్‌లో రాయల్ మ్యాట్ లాంటివి ఉన్నాయి, వేరే కంపెనీల్లోనూ మ్యాట్ ఫినిష్ ఇంటీరియర్ ఎమల్షన్ దొరుకుతుంది, బ్రాండ్ కన్నా డబ్బా మీద మ్యాట్ అన్న మాట ముఖ్యం. రంగు కలపని తెలుపే తీసుకోండి, ఆఫ్‌వైట్, ఐవరీ లాంటివి తీసుకుంటే చర్మం రంగులు పచ్చబడతాయి.

బయటి గోడ అయితే కాస్త ఆగండి. వర్షాకాలంలో నెమ్ము పట్టే గోడ మీద లప్పం పొంగి పొరలు లేస్తుంది, ముందు ఆ చెమ్మ సంగతి చూసుకున్నాకే మిగతాది. ప్రొజెక్టర్ వేసి బొమ్మ అంచులు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాకే ఆ మేరకి మాత్రం పని చేయించండి, గోడంతా చేయించక్కర్లేదు.

గుడ్డల్లో ఏది

బ్లాకౌట్ గుడ్డలో రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి కర్టెన్ల వెనక లైనింగ్‌గా వేసే మెత్తటిది, రెండోది రోలర్ బ్లైండ్లకి వాడే బిరుసుది. రెండోదే మనకి కావాల్సింది. సాగదు, వేలాడదు, వెలుతురు జారదు, ముందువైపు మ్యాట్‌గా ఉంటుంది. కర్టెన్ గుడ్డ చాలాచోట్ల 54 ఇంచుల పన్నాలో వస్తుంది, 100 ఇంచుల తెరకి ఎత్తు 49 కాబట్టి ఫ్రేమ్ వెనక్కి మడవడానికి పైనా కిందా రెండున్నర ఇంచులే మిగులుతాయి, అంతకంటే పెద్ద తెర అయితే మధ్యలో కుట్టు వస్తుంది. కుట్టు ఉన్న తెర వద్దే వద్దు, ప్రతి సీన్‌లో కనిపిస్తుంది. బ్లైండ్ గుడ్డ పెద్ద పన్నాల్లో వస్తుంది, అది ఇంకో లాభం. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో, మదీనా వైపు గుడ్డల షాపుల్లో మామూలు గుడ్డలకి లోటు లేదు కానీ, దీనికి మాత్రం ఆఫీసులకి బ్లైండ్లు వేసేవాళ్ల దగ్గరికి వెళ్లడమే నయం. మిగిలిన రోల్ ముక్క ఉందా అని అడగండి, పెద్ద ఆర్డర్లలో మిగిలినవి వాళ్ల దగ్గర ఉంటుంటాయి.

రెగ్జిన్ మన దగ్గర చాలామంది వాడతారు, తక్కువలో వస్తుంది, వెలుతురు జారదు. దాని మీద తోలు గీతలు ఉంటాయి, చాలావాటికి మెరుపూ ఉంటుంది. పూర్తి మ్యాట్, నున్నటి తెల్ల రెగ్జిన్ దొరికితే ఫుల్ హెచ్‌డీ ప్రొజెక్టర్‌కి సరిపోతుంది. వెతికే ఓపిక ఉండాలి.

ఫోర్ వే లైక్రా అంటే డ్యాన్స్ డ్రెస్సులకి వాడే అన్నివైపులా సాగే గుడ్డ. ఫ్రేమ్ మీద లాగి బిగిస్తే ఒక్క ముడత కూడా రాదు, శబ్దం కూడా బాగానే దాటుతుంది కాబట్టి తెర వెనక స్పీకర్ పెట్టుకోవాలనుకునేవాళ్లకి ఇదే దారి. సినిమా హాళ్లలో తెరకి సన్నటి రంధ్రాలు ఉండేది కూడా వెనకున్న స్పీకర్ల కోసమే. లైక్రాలోంచి వెలుతురు బాగా కారిపోతుంది, ముందు తెల్లది, వెనక నల్లది లేదా గ్రే వేసి రెండు పొరలుగా బిగించాలి, అయినా బ్లాకౌట్ అంత వెలుతురు రాదు. తెర కింద సౌండ్‌బార్ పెట్టుకునేవాళ్లకి దీని అవసరం లేదు.

దుప్పటి ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తెలిసే ఉంటుంది. వెలుతురు బాగా వెనక్కి పోతుంది, ఇస్త్రీ చేసినా ముడతలు పోవు, నీలిమందు పెట్టి ఉతికినదైతే తెలుపే నీలంగా కనిపిస్తుంది.

బోర్డులు

ప్లైవుడ్, ఎండీఎఫ్, సన్‌బోర్డ్ (తేలికైన ఫోమ్ షీట్), మైకా, అన్నీ 8 అడుగులు, 4 అడుగుల షీట్లుగా దొరుకుతాయి. దీనిలో ఒక చక్కటి సదుపాయం ఉంది. నాలుగడుగుల ఎత్తులో 16:9 బొమ్మ వేస్తే వెడల్పు 85 ఇంచులు వస్తుంది, అంటే మూల నుంచి మూలకి 98 ఇంచులు, షీట్ కోయకుండానే. మన తెలుగు సినిమాలు ఎక్కువ భాగం స్కోప్‌లోనే, అంటే 2.39:1 లో వస్తాయి, మామూలు 16:9 తెర మీద అవి ఎత్తులో మూడొంతులే వాడుకుని పైనా కిందా నల్ల పట్టీలు వదిలేస్తాయి. అదే ఈ బోర్డు మీద, ప్రొజెక్టర్‌కి 1.2 రెట్ల జూమ్ ఉంటే, సినిమా పెట్టినప్పుడు జూమ్ పెంచి 8 అడుగుల వెడల్పంతా నింపేయొచ్చు, పట్టీల్లో కొంత భాగం బోర్డు బయటికి పోతుంది. మ్యాచ్ చూసేటప్పుడు మళ్లీ తగ్గించుకోవచ్చు. సినిమా పిచ్చి ఉన్నవాళ్లకి ఇది నాకు చాలా ఇష్టమైన అమరిక.

పైన వేసే మైకా మ్యాట్ లేదా స్వెడ్ ఫినిష్ తెలుపు తీసుకోవాలి. వైట్‌బోర్డు మార్కర్‌తో రాసే రకం గ్లాసీ షీట్ తీసుకుంటే ప్రొజెక్టర్ లెన్స్ అద్దంలో చూసినట్టు కనిపిస్తుంది. మైకా ఒకవైపే అంటిస్తే కొన్నాళ్లకి బోర్డు విల్లులా వంగుతుంది, మన వర్షాకాలం తేమకి ఇంకా త్వరగా, అందుకే వెనకవైపు కూడా చవకరకం మైకా వేయమని కార్పెంటర్‌కి ముందే చెప్పండి. 12 ఎంఎం ఎండీఎఫ్ షీట్ పాతిక కేజీలు దాటుతుంది, గోడకి గట్టి బిగింపు కావాలి. కొత్త టవర్లలో మివాన్ గోడలు, అంటే ఇటుక లేకుండా పోసిన కాంక్రీట్ గోడలు ఉన్నవాళ్లకి ఇంట్లో ఉండే చిన్న డ్రిల్ చాలదు, హ్యామర్ డ్రిల్ తెప్పించుకోవాలి. షీట్ లిఫ్ట్‌లో పట్టదు, పదో అంతస్తుకి మెట్ల మీదుగా మోయించాలి, మెట్ల మలుపులో తిరుగుతుందో లేదో కొనకముందే కొలుచుకోండి.

అల్ట్రా షార్ట్ త్రో ఉన్నవాళ్లకి గట్టి బోర్డు ఎందుకంటే, ఆ వెలుతురు కింద నుంచి బాగా ఏటవాలుగా వచ్చి తెరని తాకుతుంది. గుడ్డలో చిన్న అల ఉన్నా, లప్పంలో చిన్న గుంట ఉన్నా దాని నీడ, వంకర పెద్దగా కనిపిస్తాయి. డబ్బు పెట్టగలిగితే ఆ ప్రొజెక్టర్ల కోసమే చేసిన, సీలింగ్ లైటుని తిప్పికొట్టే రెడీమేడ్ స్క్రీన్ కొనడమే సరైన పని, ఇక్కడ చేతిపనితో దాన్ని అందుకోలేం.

సన్‌బోర్డ్ తేలికగా ఉంటుంది, దాని మీద మ్యాట్ వినైల్ అంటించి వాడొచ్చు. బుడగలు లేకుండా అంటించడం కష్టం, ఫ్లెక్సీ షాపువాళ్ల మెషీన్ మీద చేయించండి. వెనక ఆసరా లేకపోతే వంగిపోతుంది.

ఫ్లెక్సీ

గల్లీకో ఫ్లెక్సీ షాపు ఉంది, ప్రింట్ లేకుండా తెల్ల మీడియా కోసివ్వమంటే ఇస్తారు, పది అడుగుల పన్నా కూడా దొరుకుతుంది. మామూలు ఫ్లెక్సీ లోపల దారాల వల ఉంటుంది, లైట్ పడితే ఆ గళ్లు తేలతాయి. పీవీసీ వాసన మూసిన గదిలో చాలా రోజులు పోదు. ఎండాకాలంలో సాగుతుంది, మడత పెడితే ఆ గీత వదలదు. అందుకే హాల్లోకి వద్దన్నాను.

అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద అందరూ కలిసి ఫైనల్ మ్యాచ్ చూడటానికో, పుట్టినరోజు పార్టీకో అయితే దానికి సాటి లేదు. బ్లాక్‌బ్యాక్ రకం, మ్యాట్ ఫినిష్ అడగండి, వెనకున్న వీధి దీపం ఇవతలికి రాదు. చుట్టూ అడుగుకో రింగు వేయించి తాళ్లతో పైపు ఫ్రేమ్‌కి బిగించాలి. పై అంతస్తుల్లో గాలి గట్టిగా ఉంటుంది, ఇంత పెద్ద షీట్ తెరచాపలా గాలిని పట్టేస్తుంది, ఫ్రేమ్ కాళ్లకి ఇసుక బస్తాలు వేయకుండా వదిలేయొద్దు, కింద పిల్లలు కూర్చుంటారు.

ఫ్రేమ్, ఫ్యాన్, బోర్డర్

గుడ్డ ఎంత మంచిదైనా పైనుంచి వేలాడదీస్తే సీలింగ్ ఫ్యాన్ గాలికి ఊగుతుంది, బొమ్మ మొత్తం ఈదుతున్నట్టు ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్ ఆపి సినిమా చూడమని ఎవరికీ చెప్పలేం కాబట్టి నాలుగువైపులా బిగించిన ఫ్రేమ్ తప్పదు. కిందకి లాగే రెడీమేడ్ స్క్రీన్లలో తక్కువ ధరవి కూడా కొంతకాలానికి పక్క అంచులు ముడుచుకుని మధ్యలో అలలు పడతాయి, పక్కల నుంచి తాళ్లతో లాగి పట్టే ట్యాబ్ టెన్షన్ రకమైతేనే చదునుగా ఉంటాయి.

ఫ్రేమ్‌కి చెక్క రీపర్లు చవకే, కానీ తేమకి మెలితిరుగుతాయి, చెదల భయం వేరే. పార్టిషన్లు చేసే అల్యూమినియం షాపులో 2 ఇంచులు, 1 ఇంచు సెక్షన్ కొలతకి కోయించి మూలలకి ఎల్ యాంగిల్స్ వేయించుకుంటే విప్పి మళ్లీ కట్టుకోవచ్చు, లిఫ్ట్‌లోనూ పోతుంది. మధ్యలో నిలువుగా ఒక అడ్డపట్టీ వేయించడం మర్చిపోవద్దు, లేకపోతే గుడ్డ లాగుడికి పొడుగు పట్టీలు లోపలికి వంగుతాయి. ఆ అడ్డపట్టీ గుడ్డకి తగలకుండా కాస్త వెనక్కి ఉండాలి. అల్యూమినియంలోకి స్టేప్లర్ పిన్ను దిగదు, అందుకని గుడ్డని వెనక్కి మడిచి గట్టి రెండువైపుల టేపు, దాని మీద సన్నటి పట్టీ పెట్టి స్క్రూలు. చెక్క ఫ్రేమ్ అయితే స్టేప్లర్ గన్ చాలు. ఏదైనా సరే, ప్రతి అంచుకీ మధ్యలోంచి మొదలుపెట్టి ఎదురెదురుగా లాగుతూ మూలలకి వెళ్లాలి, మూలల నుంచి మొదలుపెడితే మధ్యలో పొంగు మిగులుతుంది.

చుట్టూ మూడించుల నల్ల వెల్వెట్ బోర్డర్ తప్పకుండా వేయండి, గోడకి పెయింట్ వేసినా సరే. బొమ్మ అంచు కొద్దిగా అటూఇటూ పడినా వెల్వెట్ మింగేస్తుంది, కంటికి కాంట్రాస్ట్ కూడా పెరిగినట్టు కనిపిస్తుంది. నల్ల ఇన్సులేషన్ టేపు మెరుస్తుంది, వెల్వెట్‌కి సాటి రాదు.

వంటగది హాల్లోకి తెరిచే ఉన్న ఇళ్లలో తాలింపు నూనె పొగ గుడ్డ మీద చేరితే తుడిచినా పోదు, అలాంటి ఇంట్లో తడిగుడ్డతో తుడుచుకోగలిగే మైకా నయం, లేదా గుడ్డ తెర వాడనప్పుడు పైన ఒక పాత చీర కప్పి ఉంచండి. గుడ్డ కొనే రోజు షాపులో దాన్ని మడత పెట్టనివ్వకండి. పీవీసీ పైపో అట్ట గొట్టమో తీసుకెళ్లి, తెల్లవైపు బయటికి ఉండేలా వదులుగా చుట్టించుకుని తెచ్చుకోండి, ఆటోలో అడ్డంగా పట్టదు, నిలువుగా పట్టుకుని కూర్చోవాలి.